సర్వే రోజు అరువు తెచ్చిన ఫ్యాను

పాత బట్టలతో బొంతలు కుట్టి అమ్మే ఆమెను వీధిలో అందరూ బొంతలామె అనే అంటారు. భర్త గోడలకు రంగులు వేసేవాడు. రెండో అంతస్తు నుంచి పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచీ మూర్ఛలు. పూటకొక మాత్ర పడితే మనిషి మనిషిలా ఉంటాడు. ప్రభుత్వం నెలనెలా బ్యాంకులో వేసే డబ్బు తిన్నగా ఆ మాత్రలకే పోయేది. ఆ డబ్బును పేదలు తాగి తగలేస్తారని లావుపాటి పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ మందుల షాపు ముందు నిలబడిన పాపాన పోలేదు.

ఒకనాడు, ఆ డబ్బు ఎవరికి అందాలో తేల్చే సర్వేకి మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. బొంతలామెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క మంచం, దాని మీద భర్త. వచ్చిన పెద్దమనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

పక్కింటికి పరుగెత్తింది. పక్కింటామె క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. భర్త లేడు, కూతురు చదువుకుంటోంది. ఆమెకూ ఆ డబ్బే ఆధారం. ఆమె ఇంటి సర్వే మాత్రం, తాళం వేసి పనికి పోయినప్పుడు వీధిలోంచే అయిపోయింది.

"కుర్చీలు రెండు ఇస్తావా వదినా, గంటలో తెచ్చిచ్చేస్తా."

"కుర్చీలేం ఖర్మ, ఫ్యాను కూడా పట్టుకెళ్ళు. చెమటలు కారుతుంటే ఆయన చెయ్యి జారి నిన్ను కోటీశ్వరురాలిని చేసేస్తాడు."

ఇద్దరూ నవ్వుకుంటూ మోసుకొచ్చారు.

సర్వే మనిషి కుర్చీలో కూర్చుని, ఎగిరే కాగితాలను మోచేత్తో అదిమిపట్టి టిక్కులు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చినవాడి ముందు అరువు మాట ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు.

రెండు నెలలకు డబ్బు ఆగింది. ఆఫీసులో గుమాస్తా కంప్యూటర్ చూసి, "ఫ్యాను, రెండు కుర్చీలు. కలిగినవాళ్ళే కదమ్మా," అన్నాడు.

"అవి నావి కావు బాబూ. మీ మనిషి కూర్చుంటాడని తెచ్చాను."

"ఎవరివో పేరు చెప్పండి, రాసుకుంటా."

ఇంట్లో మిగిలినవి నాలుగు మాత్రలు. ఆ పొద్దున భర్త తల గోడకు కొట్టుకున్న చప్పుడు చెవుల్లోంచి పోలేదు. చెప్పేసింది.

పక్కింటామె డబ్బు ఆ నెలే ఆగిపోయింది. బొంతలామెది మళ్ళీ సర్వే జరిగేదాకా రాదట. పేరు కొట్టెయ్యడానికి గుమాస్తా చాలు, చేర్చడానికి పై అధికారి కావాలి.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం పక్కింటామె గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"వదినా..." అంది బొంతలామె.

"ఎవతే నీకు వదిన? నీ మొగుడి మాత్రలు వచ్చాయా?"

"రాలేదు."

"వచ్చుంటే కడుపు మండినా ఊరుకునేదాన్ని. మాత్రలకీ కాక, నా పిల్ల చదువుకీ కాక, ఎవడి నోట్లో పోశావే నా డబ్బు?"

ఇంతలో లోపల మంచం కోళ్ళు నేలకేసి టకటకా కొట్టుకోసాగాయి. పక్కింటామె చెప్పులు విడిచి లోపలికి నడిచింది. ఒకరు తల, ఒకరు కాళ్ళు పట్టుకున్నారు. అతను కుదుటపడేదాకా ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత పక్కింటామె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.