నారుమడి కబురు

నా చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు నాకు బడి మా నాయనమ్మే. తుఫానుకు మా ఊరి బడి పైకప్పు లేచిపోయింది. కొత్తది వేసేదాకా సెలవులన్నారు, ఆ వేయడం ఎంతకీ తెమల్లేదు. మా ఊరు రేపల్లెకు దగ్గరేగానీ, ఏడేళ్ల పిల్ల రోజూ నడిచి వెళ్లివచ్చేంత దగ్గర కాదు. బాపట్లలో హాస్టలు ఉంది, అక్కడ చేర్పిద్దామన్నాడు మా నాన్న. నేను రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాను. చివరికి మా నాయనమ్మ కలగజేసుకుని, నాకు ఓపిక ఉన్నన్నాళ్లూ నేనే చదువు చెప్పుకుంటాను, పిల్లని ఎక్కడికీ పంపొద్దు అంది. పెళ్లికి ముందు ఆవిడ మిషను బడిలో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి. నాన్న సరేనన్నాడు. ఆవిడ ఓపిక అయిపోయిన రోజున నేను బాపట్ల బస్సెక్కాల్సిందేనని నాకూ తెలుసు.

ఆ చదువుకి ఒక పలక తప్ప వేరే సామానేమీ లేదు. కాలవ గట్టున తడి ఒండ్రు మీద పుల్లతో అక్షరాలు రాయించేది. గేదెల వీపు మీద వాలిన కొంగల్ని లెక్కపెట్టించి, రెండు ఎగిరిపోగానే ఇప్పుడెన్నని అడిగేది. కళ్లు మూయించి చేతిలో రెండు ఆకులు పెట్టి, వరేదో, వరిలాగే ఉండే ఊద గడ్డేదో తడిమి చెప్పమనేది. ఇప్పుడు మా అమ్మాయి ఇలాంటి ఆటలకే పెట్టెలు పెట్టెలు సామాను తెప్పిస్తుంది. తెనాలిలో మా ఇంట్లోనే, తన ఇద్దరు పిల్లల్నీ బడికి పంపకుండా ఆటలతోనూ చెట్లూ పురుగులతోనూ తానే చదివిస్తోంది. మంచిదే, నేను కాదనను. కాకపోతే పొద్దుటి ఆటలు దానివి, మధ్యాహ్నం ఆటలు నావి. "అమ్మమ్మా, ఇదేంటి" అన్న మాట రెండింటికల్లా వందోసారి వినేసరికి, ప్రకృతి మీద నాకున్న ప్రేమంతా మోకాళ్లలోకి దిగిపోతుంది.

అందుకే ఈ మధ్య మా నాయనమ్మ తరచు గుర్తుకొస్తోంది. ఆ ఏడు కాలవలకు నీళ్లు వదిలాక నాన్న మూడు చేల అవతల నారుమడి పోశాడు. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. పాలు పితకడం, పేడ ఎత్తడం, వంట, నీళ్లు, నేను, అన్నీ నాయనమ్మ మీదే పడ్డాయి. ఇంతలో నాన్న ఎడ్లను తోలుకుని కొల్లిపర వైపు చేలు దున్ని దమ్ము చేసే పనికి వెళుతూ, తిరిగి వచ్చేదాకా మడి చూస్తూ ఉండమని ఆవిడకి అప్పజెప్పాడు. వాన జాడ లేదు. ఎండ నడివేసవిలాగే ఉంది.

గట్టు మీద నడిచే కాళ్లు కావు ఆవిడవి. అందుకని మడి చూడటాన్ని నా పాఠంగా మార్చింది. నాన్న మడిలో గాటు పెట్టిన కర్ర ఒకటి పాతాడు. నీళ్లు ఆ గాటు దాకా ఉన్నాయో లేదో చూసి రావాలి. తగ్గితే ఊళ్లో ఉండే బాబాయితో చెప్పి నీళ్లు పెట్టించాలి. దాంతోపాటు రోజూ ఒక కొత్త కబురు తేవాలి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. తొందరపడి రాకూడదు. నేను తెచ్చిన కబురునే పలక మీద రాయించేది. నీళ్ల మీద నడిచే పురుగు, గట్టు వార నత్త, తోక ఊడిపోతున్న కప్పపిల్ల, ఇలా నేను రాయడం నేర్చుకున్న మాటలన్నీ ఆ మడిలోవే. ఊళ్లో ఏ పిల్లకీ లేని ఉద్యోగం నాకు ఉందని తెగ పొంగిపోయేదాన్ని.

నాన్న వెళ్లిన వారానికి ఒక రోజు సగం దూరం వెళ్లి, కాళ్లు కాలి చెప్పుల కోసం వెనక్కి వచ్చాను. అరుగు మీద వట్టి నేలన నాయనమ్మ నిద్రపోతోంది. తలకింద చెయ్యి కూడా లేదు. నోరు తెరిచి, ఎక్కడ కూలబడిందో అక్కడే పడిపోయినట్టు పడుకుంది. తొందరపడి రావద్దని ఎందుకనేదో నాకు ఆ క్షణాన తెలిసింది. కొత్త కబురూ లేదు, పాఠమూ లేదు, నన్ను వదిలించుకుని పడుకోవడానికి ఇదంతా ఆడుతోందనుకున్నాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నా కోపం నారుమడి మీద చూపించాను. ఆ రోజు నుంచీ మడి దగ్గరికి వెళ్లలేదు. గడ్డివాము నీడన కూర్చుని, చాలినంతసేపు అయిందనుకున్నాక ఇంటికి వచ్చి కబురు అల్లి చెప్పేదాన్ని. తాబేలు తన పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టెక్కిందన్నాను. లకుముకి పిట్ట నా చేతికందేంత దగ్గర కూర్చుందన్నాను. నిజం కబుర్లకంటే అవే బాగుండేవి. నాయనమ్మ విని, "నీళ్లు ఎంతవరకూ ఉన్నాయే?" అనేది. "గాటు దాకా ఉన్నాయి" అనేదాన్ని. పలక తీయమనేది. ఆవిడని భలే మోసం చేశానని నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

నేను మడికి వెళ్లడం మానేసిన ఆరో రోజు పొద్దుట నాన్న వచ్చాడు. మడి మీదుగానే ఇంటికి వచ్చాడు. ఎడ్లను కట్టేసి, కాళ్లు కడుక్కోకుండానే అరుగు దగ్గర నిలబడ్డాడు.

"మడి ఎండిపోయిందమ్మా. గట్టుకి ఎండ్రకాయ బొక్క పడి నీళ్లన్నీ మురుగుకాలవలోకి పోయినయ్యి. నేల పగుళ్లిచ్చింది. నువ్వు చూళ్లేదా?"

నాయనమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను తలుపు చాటుకి జరిగాను. తర్వాత ఆవిడ నాన్న వైపు తిరిగింది.

"చూళ్లేదురా. నిద్రపోయాను."

"రోజూ అమ్మాయిని పంపుతానన్నావుగా."

"ఎండగా ఉందని పంపలేదు."

అన్నం ముందు ప్రార్థన మరిచిపోతే తిన్న ముద్ద పక్కనపెట్టి మళ్లీ చేసే మనిషి ఆవిడ. ఆవిడ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. నాన్న అరిచి ఉంటే బాగుండేదేమో, నాకూ నోరు పెగిలేదేమో. ఆయన అరవలేదు. అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. "నీకు ఓపిక లేదమ్మా. నేనే ఆలోచించలేదు. ఇంటెడు చాకిరీ, పైన ఇదొకటి. పిల్లని బాపట్లలో చేర్పిద్దాంలే" అన్నాడు. ఆవిడ కాదనలేదు.

నేను వెళ్లలేదు నాన్నా, వెళ్లానని అబద్ధం చెప్పాను. ఇంతే చెప్పాల్సింది. రెండు దెబ్బలు పడేవి, నా బడి నాకు మిగిలేది, ఆవిడ మాట ఆవిడకి మిగిలేది. ముందు దెబ్బలకి భయపడ్డాను. మధ్యాహ్నానికి, పొద్దున్నే ఎందుకు చెప్పలేదంటారని భయపడ్డాను. నారు సగానికి పైగా పోయింది. నాన్న పొన్నూరు అవతల ఉన్న మా మేనత్త ఊరి నుంచి నారు అడిగి తెచ్చి, అందరి నాట్లూ అయ్యాక మా చేలో నాట్లు వేయించాడు. అన్నాళ్లలో ఏ ఒక్క రోజైనా చెప్పి ఉండొచ్చు. నేను చెప్పలేదు.

బాపట్ల వెళ్లేరోజు నాయనమ్మ ఆ కాళ్లతోనే బస్సు ఆగే రోడ్డు దాకా వచ్చింది. నాన్న పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. ఆయనకి వినపడనంత దూరంలో ఉన్నప్పుడు ఆవిడ నా జడ సర్దుతూ, "నీకు చెప్పి పడుకోవాల్సింది అమ్మాయ్. అలిసిపోయానని చెప్పుకోవడం నాకు చేతకాలేదు" అంది. జడ కొస ముడేసి, "అక్కడ ఏం కనబడితే అది ఉత్తరం రాయి. ఏమీ కనబడకపోతే కనబడలేదనే రాయి, నేనేం అనుకోను" అంది. అంటే ఆవిడకి అన్నీ తెలుసు. నేను అబద్ధాలు చెప్పిన రోజే తెలుసో, నాన్న వచ్చాకే తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. బస్సు వచ్చింది, నేను ఎక్కాను.

హాస్టల్లో బాగానే చదువుకున్నాను. ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను. మా ఇంట్లో మాత్రం ఎవరైనా ఏ పనైనా మరిచిపోతే "నాయనమ్మకి మడి అప్పజెప్పినట్టే ఉంది" అనడం అలవాటైపోయింది. పండగలకి అందరం కలిసినప్పుడు ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్లు, అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ ఏడు నేర్చుకున్న కొంగల లెక్కలు నాకు ఎందుకూ పనికి రాలేదు. రోడ్డు మీద ఆవిడ అన్న మాట మాత్రం ఈ వయసులో రోజూ అక్కరకొస్తోంది. పిల్లల్ని మేడ మీద మొక్కల దగ్గరికి పంపేముందు, నాకు ఓపిక లేదర్రా, కాసేపు పడుకుంటాను అని చెప్పే పడుకుంటాను. పిల్లల దగ్గర అలా అనకూడదంటుంది మా అమ్మాయి, వాళ్లని భారం అనుకుంటున్నామని బాధపడతారట. దాని పుస్తకాల్లో అలా ఉందేమో. అలసటని ఆటలాగా చుట్టిపెట్టి ఇస్తే పిల్లలకి అది ఎలా కనబడుతుందో నాకు తెలుసు.

మొన్న మా మనవరాలు, రోజూ ఈ పడుకుంటానని చెప్పడం ఎందుకు అమ్మమ్మా అని అడిగింది. దానికి ఎనిమిదో ఏడు. మంచం మీద దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను. గడ్డివాము సంగతి కూడా దాచలేదు. అది చివరిదాకా విని, "మరి ముత్తాతకి ఎప్పుడు చెప్పావు?" అంది.

చెప్పలేదన్నాను. ముందు నాయనమ్మ పోయింది, తర్వాత చాలా ఏళ్లకి నాన్న పోయాడు. చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన నెలరోజులు కూర్చున్నాను, అప్పుడు కూడా చెప్పలేదన్నాను.

అది మంచం దిగింది. "పోనీ నాకు చెప్పావుగా, ఇంక పడుకో" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.