భాయి వాటా రమ్ము

పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం పెద్ద పని కాదని అనుకునేవాణ్ణి. మా భాయి పోయాకగానీ ఆ పని ఎంత కష్టమో తెలిసిరాలేదు. మాటలు దొరక్క కాదు. దొరికినవి ఏ ఇంట్లోనూ చెప్పుకోదగ్గవి కావు.

మేము నలుగురం. కొండల మీదికి సామాన్లు చేరవేసే ఫౌజు లారీల కంపెనీలో ఒకే సెక్షన్ వాళ్లం. నేను కృష్ణా జిల్లా నుంచి వెళ్లినవాణ్ణి. ఫౌజులోంచి వచ్చాక హైదరాబాదులో సర్కారు ఆఫీసులో గుమాస్తానై సైదాబాద్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. రెండో ఆయన మా హవల్దారు, నల్లగొండ వైపు మనిషి, అప్పటికి ఒక బ్యాంకు గుమ్మం ముందు తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు. మూడో ఆయన పాతబస్తీలోనే పుట్టి పెరిగిన సిటీ బస్సు డ్రైవరు. నాలుగోవాడు భాయి. ఫౌజులో లారీలు బాగుచేసిన చేత్తోనే బహదూర్‌పురాలో స్కూటర్లు బాగుచేసేవాడు. ఆదివారం పొద్దున పత్తర్‌గట్టి సందు మొదట్లో ఇరానీ హోటల్లో చేరి, రెండు యుద్ధాలు చూశామని చెప్పుకునేవాళ్లం. చూసిన మాట నిజమే, కాస్త దూరం నుంచి.

మా హవల్దారు గురించి ఒక్కటి చెప్పాలి. ఆయన ఏ తప్పూ ఒప్పుకున్న మనిషి కాదు. ఆయన కూర్చున్న లారీ లోయ వైపు జారితే తప్పు రోడ్డుది. పప్పు మాడితే తప్పు కట్టెలది. బ్యాంకులో కునుకు తీస్తూ పట్టుబడితే తప్పు ఫ్యానుదన్నాడు, మేనేజరు ఆ మాట నమ్మి ఫ్యాను స్పీడు తగ్గించాడు కూడా.

భాయి దానికి పూర్తిగా తలకిందులు. లేదు, కాదు, కుదరదు అన్న మాటలు ఆయన నోటికి రావు. మొహమాటం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. సాయంత్రానికి స్కూటర్ కావాలని నలుగురు అడిగితే నలుగురికీ "జరూర్" అనేవాడు, అని, రాత్రంతా దీపం కింద కూర్చునేవాడు. దారి అడిగినవాడు తనే తప్పు దారి చూపించి "ఇటేనా?" అంటే, "హౌ, గట్ల గూడ పోవచ్చు" అని కొంతదూరం సాగనంపి వచ్చేవాడు.

అలాంటివాడు కామెర్లు ముదిరి పోయాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషికి కాలేయం చెడింది. ముట్టిన మేము ముగ్గురం నిక్షేపంగా ఉండి ఖబరస్తాన్‌కి వెళ్లి తలా మూడు గుప్పిళ్ల మట్టి వేసి వచ్చాం.

ఆ తర్వాతి ఆదివారం హోటల్‌కి భాయి బావమరిది వచ్చాడు. పత్తర్‌గట్టిలోనే బట్టల దుకాణంలో పనిచేస్తాడు, అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. పోయినవాళ్ల కోసం నలభయ్యో రోజు చదివే ఫాతెహాకి మా ముగ్గుర్నీ రమ్మన్నాడు.

"బావ ఫౌజు ముచ్చట ఇంట్ల ఎన్నడు చెప్పలె. ఆయన అక్కడ ఏం మంచి చేసిండో మీ నోట వినాలని మా అక్కకు మస్తు కోరిక. నాలుగు మాటలు చెప్పుర్రి" అన్నాడు.

ఆయన వెళ్లాక నాలుగు మాటల కోసం వెతుక్కున్నాం. భాయి శత్రువును చంపలేదు. ఎవర్నీ వీపు మీద మోసుకు రాలేదు. లారీల కింద పడుకుని నట్లు బిగించాడు. ఇది ఫాతెహా రోజు చెబితే వినేవాళ్లకి నిద్ర వస్తుంది. చివరికి నేను, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని రహస్యం ఇప్పుడు చెబితే తప్పులేదని గొంతు సవరించుకున్నాను.

చలి ప్రాంతంలో మాకు సాయంత్రం పూట తలా ఒక పెగ్గు రమ్ము పోసేవారు. వరసలో నిలబడి మగ్గు చాపాలి. హవల్దారు పోస్తాడు. ఆయన కళ్ల ముందే తాగాలి, దాచుకోకూడదు, ఇంకొకడికి ఇవ్వకూడదు. భాయి తాగడు, అయినా వరసలో నిలబడేవాడు. మగ్గు పెదవుల దాకా తెచ్చి, మింగినట్టు గొంతు కదిపి, టెంటుకి పట్టుకొచ్చేవాడు. మొదటి చలికాలంలో నేనే అడిగాను, ఆ వాటా నాకిచ్చెయ్యమని. "జరూర్ భాయ్. గని ఎవ్వరికీ చెప్పొద్దు" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి కొండ దిగేదాకా భాయి వాటా నాదే.

నేను ఇది చెప్పేసరికి డ్రైవరు సాసర్ కింద పెట్టాడు.

"నీదెట్లయితది? భాయి వాటా నాకు ఇస్తుండె. రోజు ఇస్తుండె. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు" అన్నాడు.

ఇద్దరం హవల్దారు వైపు తిరిగాం, న్యాయం చెప్పమని. ఆయన మీసం దువ్వుకుంటూ హోటల్ గోడ మీది గడియారం చూస్తున్నాడు. కాసేపటికి "నాకు గూడ ఇచ్చిండు" అన్నాడు. ఇంకొకడికి ఇవ్వకుండా చూడాల్సిన మనిషి ఆయనే.

మాకు కోపం వచ్చింది. పదిమందీ ఉన్న హోటల్లో, మట్టి ఆరని మనిషి మీద కోపం తెచ్చుకోవడం మర్యాద కాదు, అయినా తెచ్చుకున్నాం. అన్నేళ్లూ ఒక్క నాకే చేసిన మేలనుకున్నది అందరికీ పంచినదని తెలిస్తే మనసుకి ఎంత చిన్నతనంగా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. మోసగాడు అన్నాడు డ్రైవరు. నేను కాదనలేదు.

"సరే, గని ఒక్క మగ్గు మూడు మగ్గులు ఎట్లయింది?" అని డ్రైవరే అడిగాడు. "మా మగ్గులేమో నిండుగుండె. నీళ్లు గూడ కలిపినట్టు లేకుండె."

దీనికి జవాబు హవల్దారు దగ్గర ఉంది. ఆయన చెప్పడానికి ఇష్టపడకుండా చెప్పాడు. మా సెక్షన్‌లో రమ్ము కన్నా నిద్ర ఎక్కువ ఇష్టమైనవాళ్లు ఇద్దరుండేవాళ్లు. రాత్రి కాపలా వాళ్ల వంతు వచ్చినప్పుడల్లా వాళ్ల చోట భాయి నిలబడేవాడు. చీకట్లో కంబళి కప్పుకున్న మనిషి ఎవరైతేనేం, కాపలా మనిషి ఉన్నాడు కదా అని హవల్దారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. దానికి బదులు ఆ ఇద్దరూ రోజూ తమ రమ్ము భాయికి ఇచ్చేవాళ్లు. ఎందుకని హవల్దారు ఎన్నడూ అడగలేదట. ఇప్పుడు హోటల్లో కూర్చుని లెక్క కలుపుకుంటున్నాడు.

భాయికి చలి ఎక్కదని మేము వేళాకోళం చేసేవాళ్లం. హైదరాబాదు ఎండ ఒంట్లో దాచుకుని వచ్చాడనేవాళ్లం. ఆ మనిషి మంచులో నిలబడి సంపాదించినది, రజాయిలో దూరి కూర్చున్న మాకు ఇచ్చేవాడు. ముగ్గురం అడిగాం, ముగ్గురికీ జరూర్ అన్నాడు, అంతే. ఒకరికి లేదనడం కన్నా ఆయనకు మంచులో నిలబడడమే తేలికగా తోచింది.  డ్రైవరు మోసగాడన్న మాట వెనక్కి తీసుకోలేదుగానీ, మళ్లీ అనలేదు.

సరే, చెప్పడానికి మంచి దొరికింది. బ్రహ్మాండమైన మంచి. కానీ నమాజు తప్పని ఇంట్లో, ఫాతెహా చదివే రోజు, మీవాడు మాకు రమ్ము పోశాడని ఎలా చెప్పడం?

"పాలు" అన్నాడు హవల్దారు. "డబ్బా పాలు. తన పాలు మనకు పోసిండు. ముగ్గురు గిదే చెప్పాలె. సమజైందా?"

ఫౌజు విడిచి ఇన్నేళ్లయినా ఆర్డరు ఆర్డరే. సమజైందన్నాం.

నలభయ్యో రోజు బహదూర్‌పురా వెళ్లాం. ముందుగదిలో తెల్ల దుప్పట్లు పరిచారు. ఊదు పొగ, ఖురాన్ చదువులు, పెద్దవాళ్లు. లోపలి గదికి మందపాటి పరదా. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైచిలుకు పరాయి మగవాళ్ల కంటబడకూడదు, ఇద్దత్ అంటారు, అందుకని భాభీ పరదా అవతలే ఉంది. మామూలు రోజుల్లో కూడా ఆమె ముఖం మేము చూసినవాళ్లం కాదు. ఆమె చేసి పంపిన ఖుబానీ కా మీఠా తిన్నాం, అంతే.

చదువులు అయ్యి, జనం పలచబడ్డాక బావమరిది మా ముందు కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. కొండలు, మంచు, చలికి వేళ్లు కొంకర్లు పోవడం, భాయి తన వంతు పాలు వేడివేడిగా తెచ్చి నాకివ్వడం. బాగానే చెప్పాను. తర్వాత డ్రైవరు అందుకుని, "హౌ, ఆ చాయ్ తాగితె పానం లేచొస్తుండె" అన్నాడు. బావమరిది నా వైపు, ఆయన వైపు చూశాడు. సర్దుతాడని హవల్దారు వైపు చూశాను. పాలని ఆర్డరు వేసిన మనిషి నిటారుగా కూర్చుని, "మస్తు మంచి దవా అది" అన్నాడు.

ఒకే మగ్గులోంచి పాలు, చాయ్, దవా మూడూ వచ్చాయి. బావమరిది చాలా మంచి మనిషి. మాషా అల్లా అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంతలో వెనకవైపు నుంచి వంటవాడు బిర్యానీ డేగ్ దించాలని కేకేస్తే లేచి వెళ్లాడు. ముందుగదిలో మేము ముగ్గురమే మిగిలాం. ఆ పక్కనే జూలో సింహం ఒకసారి గుర్రుమంది.

"అన్నా" అంది పరదా.

ముగ్గురం సర్దుకుని కూర్చున్నాం.

"అది పాలు గాదని నాకు ఎరుకే. ఆయన పోయే ముందల నాకొక్కదానికే చెప్పిండు. మీ ముగ్గురికి శరాబు ఇచ్చిన్నని."



"మసీదుల ఎవరో పెద్దాయన చెప్పిండంట, తాగినోనికే గాదు, మోసినోనికి, పోసినోనికి గూడ గునా, పాపం అని. గప్పటి సంది ఆయనకు ఒక్కటే ఫికర్. చలికి సస్తున్నోళ్లకు ఇస్తె అల్లా మాఫ్ చేస్తడేమో, ఉత్త మజా కోసం ఇస్తె చెయ్యడేమో అనుకుంట పండుకునేటోడు గాదు. వాళ్లు ఎందుకు తాగిర్రో నాకే తెల్వదు, నువ్వు అడుగు అన్నడు. ఆయనకు మిమ్ములను అడగనీకె మొహమాటమైంది. అందుకే పిలిపిచ్చిన. మీరు చలికి తాగిర్రా అన్నా, మజా కోసం తాగిర్రా?"

సర్కారు పోసిన పెగ్గు చలికి. అది నిజం. కడుపులో వెచ్చబడ్డాక, పేకముక్కలు పంచుకుని, పాటలు అందుకునే ముందు తాగిందే భాయి వాటా. చావు బతుకుల్లో ఎవరం లేము. రజాయిలు కూడా మంచివే ఇచ్చారు. ఇదంతా నాకు ఒక్క క్షణంలో గుర్తొచ్చింది. నేను గుమాస్తాను, సందర్భానికి తగ్గ మాట నా దగ్గరెప్పుడూ తయారుగా ఉంటుంది.

"అక్కడి చలి మామూలు చలి కాదు భాభీ" అన్నాను.

"అబద్ధమైతె చెప్పకుర్రి" అంది మెల్లగా. "అబద్ధం ఆయనకు అక్కడ అల్లా ముందల అక్కరకు రాదు."

డ్రైవరు తల వంచుకున్నాడు. "మజా కోసమే భాభీ" అన్నాడు.

నాకు డ్రైవరు మీద అసహ్యం వేసింది. తర్వాత నా మీద కూడా వేసింది.  భాయి రోగంతో పడుకుని ఎదురుచూసిన జవాబు ఇది, నలభై రోజుల తర్వాత వచ్చి, ఇలా వచ్చింది.

అప్పుడు హవల్దారు లేచాడు. మోకాళ్లు పట్టేసి ఉంటే గోడ పట్టుకుని లేచాడు. దుప్పటి మీద ఉత్తకాళ్లతో మడమలు కలిపి, చేతులు పక్కలకు బిగించి, పరదా ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"చెల్లె, ఫౌజుల ఒక కాయిదా ఉన్నది" అన్నాడు. "హుకుం పాటించినోనిది కసూరు గాదు. ఇచ్చినోనిదే. ఆయన సిపాయి, నేను హవల్దారును. నేను నోరు తెరిచి నీ రమ్ము నాకియ్యి అన్న. హవల్దారు అడిగితె అది అడుగుడు గాదు, హుకుమే. ఈ ఇద్దరు నా సెక్షనోళ్లు. వాళ్లు అడిగింది గూడ నా జిమ్మేదారి మీదనే. ఆయన చేసింది డ్యూటీ. తప్పు నాది."

ఆ నోట ఆ చివరి మాట వినడం నాకు అదే మొదటిసారి.  



"అక్కడ అడిగితె గూడ గిట్లనే చెప్తరా అన్నా?" అందామె.

"చెప్త. ఆయన కన్న ముందల నిలబడి చెప్త."

బావమరిది పళ్లేలు పట్టుకుని వచ్చేసరికి హవల్దారు ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, లోపల ఆమె ఏడుస్తోంది. ఏమైందని ఆయన అడిగితే ఏం లేదన్నాం. ఆ ముసలి హవల్దారు చొక్కా చేతి మీది మూడు హోదా పట్టీలను చూసి ఫౌజులో ఉన్నన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా ఈర్ష్యపడలేదు. ఆ రోజు పడ్డాను.