నేను మార్చిన అంజూర మొక్క

మా చిన్నప్పుడు... అంటే నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం మా మేక తాడు వదులై పెరట్లోకి దూరింది. నేను చూసేసరికి నాయనమ్మ నాటిన అంజూర మొక్కను మొదలంటా కొరికేసింది.

తాడు సరిగ్గా కట్టనిది నేనే.

ఆ మొక్కంటే నాయనమ్మకు ప్రాణం. అద్దంకిలో ఉండే వాళ్ళక్క తన చెట్టు కొమ్మ విరిచి, తడిగుడ్డలో చుట్టి పంపింది. పంపిన నెలకే ఆవిడ చనిపోయింది. నాటిన కొమ్మకు ఇంకా ఆకు విచ్చుకోలేదు. ఎండిన అంజూర పండ్లు కొట్లో చూడటమే తప్ప, చెట్టు ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు...

ఆ వారం నాయనమ్మ చీరాలలో పెళ్ళికి వెళ్ళింది. నేను కాలువ గట్టు మీద వెతికాను. ఆకు తుంపితే తెల్లగా పాలు కారే మొక్క ఒకటి దొరికింది. అంజూరకు పాలు కారతాయని నాయనమ్మ అంటుంటే విన్నాను మరి. వేళ్ళతో సహా పీకి తెచ్చి అక్కడే పాతేశాను.

నాయనమ్మ తిరిగొచ్చాక, "పుల్ల ఎండిపోయింది, పక్కనుంచి పిలకొచ్చింది" అని చెప్పాను. ఆమె ఒక ఆకు తుంపి చూసింది. పాలు కారాయి.

"అక్క చెప్పింది ఇదేలే" అని ఆ తడి వేలిని కొంగుకు తుడుచుకుంది.

మూడేళ్ళు నీళ్ళు పోసింది... బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయనిచ్చేది కాదు. చెట్టు పెరిగేకొద్దీ నాలో భయం పెరిగింది. అది అంజూరే అయ్యుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

నాకు పదకొండో ఏడు వచ్చింది. రంజాన్ నెల. ఊరంతా కల్లాల్లో మిరపకాయల ఘాటు. చెట్టు మొదటిసారి కాసింది. కాండానికే గుత్తులుగా, నూగుతో పచ్చటి కాయలు. కొన్ని పసుపు తిరిగాయి.

ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ అంది, "మొదటి కాపు మనం తినకూడదు. ఇయ్యాల మసీదుకు పంపుదాం. ఒక్కపొద్దు విడిచేవాళ్ళు తింటే మా అక్కకు పుణ్యం."

ఇంట్లో అందరం ఒక్కపొద్దున్నాం. ఎవరూ రుచి చూడలేదు.

ఒక రెమ్మ, ఒక పండు పుస్తకాల సంచిలో పెట్టుకుని బడికి వెళ్ళాను. సైన్సు మాస్టారిని అడగాలని... పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఆయన ముందుకెళ్ళి నాలుగుసార్లూ వెనక్కొచ్చాను. బడి వదిలాక ఆయన పదో తరగతికి స్పెషల్ క్లాసు పెట్టారు. అయ్యేదాకా వరండాలోనే నిలబడ్డాను. ఎండ గోడ దిగిపోతోంది.

"ఇది అంజూరేనా మాస్టారండీ?"

ఆయన రెమ్మను తిప్పి చూశారు. ఆకును నా అరచేతి మీద రుద్దారు. గరగరలాడింది.

"అంజూర ఆకు చేతివేళ్ళలా చీలి ఉంటుందమ్మా. కొమ్మకు ఒక్కొక్కటిగా వస్తుంది. దీనికి చూడు, ఎదురెదురుగా జంటలొచ్చాయి, చీలిక లేదు. ఇది బొమ్మమేడి." పండును బ్లేడుతో కోశారు. "పాలు మేడి జాతి అన్నిటికీ కారతాయి. పాలు చూసి మోసపోకూడదు... ఇంట్లో ఎవరూ తినలేదు కదా? తింటే వాంతులు పట్టుకుంటాయి."

పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగని మనుషులు... ముసలివాళ్ళు...

సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాను. చెప్పు తెగితే అదీ వదిలేశాను. మసీదు గేటు దగ్గరికి చేరేసరికి లోపల అందరూ వరసగా కూర్చున్నారు. మైకు గరగరమంది. ప్రతి పళ్ళెంలో ఖర్జూరాల పక్కన మా పండ్లు. ఒక తాత అప్పటికే ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"నాన్నా! ఆ పండ్లు తినొద్దు!"

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నాన్న కోపంగా లేచొచ్చాడు. "ఏందే ఆ అరుపులు?"

"అవి అంజూర కాదు నాన్నా, బొమ్మమేడంట. తింటే వాంతులంట. మాస్టారు చెప్పారు."

నాన్న ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. లోపలికెళ్ళి వరస వెంట వంగి ఒక్కో పండూ తువ్వాలులోకి ఏరాడు. తాత చేతిలోది కూడా. చివరి పండు తీస్తుండగా ఒక్కపొద్దు విడిచే అజాన్ మొదలైంది.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఒప్పుకోలేదు. "కాదని ఎవరు చెప్పారు? అది మా అక్క ఇచ్చిన మొక్క!"

అప్పుడు చెప్పాను... మేక, కాలువ గట్టు, పిలక, అన్నీ.

నాయనమ్మ అరవలేదు, కొట్టలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు నాన్న గొడ్డలి తీసుకుని పెరట్లోకి వెళ్తే, నాయనమ్మ అడ్డం పడింది.

"దాన్నెందుకురా నరుకుతావ్? నేను అంజూరనని అది చెప్పిందా? చెప్పింది ఇదిగో, ఇది" అని నన్ను చూపించింది. తర్వాత నాతో, "ఒసే జరీనా, తయారవు. అద్దంకి పోదాం" అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అక్కడ వాళ్ళక్క చెట్టు ఇంకా ఉంది. నాయనమ్మ ఒక ఆకు కోసి, తన అరచేతి మీద పరిచి, వేలికి వేలు ఆనించి చూసింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు. నేనూ ఏడ్చాను. నా తల మీద చెయ్యి వేసింది.

తెచ్చిన కొమ్మల్లో రెండు ఎండిపోయాయి. ఒకటి బతికింది. దాని పండ్లు నాయనమ్మ నాలుగేళ్ళు తిన్నది.

ఇప్పుడు మా పిల్లలు ఆకు ముందు ఫోన్ పెడితే చాలు, క్షణంలో పేరు వచ్చేస్తుంది. మంచిదే... కానీ చేసిన తప్పును గుప్పెట్లో పట్టుకుని, ఒక పెద్దాయన ఎదుట అలా నిలబడే సాయంత్రాలు వాళ్ళకు లేవు.

మీరూ ఇంట్లో ఏళ్ళ తరబడి దాచిన మాట ఏదైనా ఉందా? ఎవరికి చెప్పారు... చెప్పేదాకా ఆ మనిషి మీకు మిగిలారా?