యెస్ నొక్కమన్నది నేనే

మొన్న పొద్దున కొత్త ఫోనులో పంచాంగం చూపించే యాప్ ఒకటి వేసుకుందామని కూర్చున్నాను. వేసుకోవడం అయితే అయింది గానీ, అది తెరుచుకోకముందే నా ఫోనులో ఉన్న పేర్లూ నంబర్లూ చూడనిస్తావా అని అడిగింది, ఆ తర్వాత నా మాటలు వినడానికి మైకు ఇమ్మంది, ఆపైన నేను ఎప్పుడెక్కడ తిరుగుతున్నానో కూడా తెలియాలంది. రాహుకాలం ఎప్పుడో చెప్పడానికి మా చెల్లెలి ఫోను నంబరుతో దానికేం పనో నాకు బోధపడలేదు. అన్నిటికీ కాదన్నాను, అలిగినట్టు మూసుకుపోయింది. పక్కన కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్న మా ఆవిడ తల ఎత్తి, ఈ అనుమానం ఆనాడు సూర్యాపేట షాపులో సరైన వైపు తిరిగి ఉంటే ఎంత బాగుండేది అన్నట్టు ఒక చూపు చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ చూపులన్నీ నాకు అర్థమవుతాయి. ఆ చూపు వెనకున్న సంగతి నా వయసువాళ్ళయిన మీకు చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీదుందో లేదో మెడ చాచి చూస్తాను, బస్సులో సంచి హ్యాండిల్లో కాలు దూర్చుకుని గానీ కునుకు తీయను, పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే ఆ రోజు ఇంకొంచెం శ్రద్ధగా చూస్తాను. సూర్యాపేట పాత బస్టాండు దగ్గర నాకొక ఎస్టీడీ బూత్ ఉండేది. రెండు వేల ఒకటి ప్రాంతంలో, ఈ బూత్‌ల కాలం ఇక ఎక్కువ రోజులు ఉండదని వాసన పట్టి, నాలుగు కంప్యూటర్లు తెచ్చి ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు మార్పించాను. పక్క సెంటర్లలో గదిగదికీ పరదాలుంటే, నా దగ్గర చెక్క అడ్డాలు భుజాల దాకా మాత్రమే ఉండేవి, ఎందుకంటే నా కుర్చీలో కూర్చుంటే అందరి తెరలూ నాకు కనబడాలి. వచ్చినవాళ్ళ పేరూ ఊరూ రిజిస్టరులో రాయించేవాణ్ణి, గుర్తింపు కార్డు జిరాక్సు లేనిదే కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. పోలీసువాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడల్లా నా రిజిస్టరు చూసి మెచ్చుకునేవారు, నేను ఉబ్బిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లో ఈమెయిల్ అంటే ఎవరికీ తెలియదు. మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే కుర్రాళ్ళు, టీచరు పరీక్ష ఫలితాలు చూసుకునే వాళ్ళు, దూరాన ఉన్న తమ్ముడికి ఉత్తరం పంపాలనే పెద్దవాళ్ళు, అందరికీ మెయిల్ తెరిచి ఇచ్చేది నేనే, పాస్‌వర్డు పెట్టేదీ నేనే. ఎవరి పేరు వాళ్ళది, వెనకాల ఒకటి రెండు మూడు. మర్చిపోయినవాళ్ళు నేరుగా వచ్చి నా పాస్‌వర్డు ఏందన్నా అని అందరి ముందూ అడిగేవాళ్ళు, నేను అందరి ముందూ గట్టిగా చెప్పేవాణ్ణి. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోయినట్టే అనుకునేవాళ్ళం తప్ప, అందులో తప్పుందని వాళ్ళకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. లైను మాటిమాటికీ తెగిపోయేది, మళ్ళీ మొదటినుంచీ అంతా కొట్టుకోవాల్సి వచ్చేది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాళ్ళతో వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు. అందుకని కంప్యూటరు తెర మీద చిన్న డబ్బా తెరిచి ఈ వివరాలు గుర్తుపెట్టుకోమంటావా అని అడిగినప్పుడు ఏం చెయ్యాలో నేనే స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి ప్రతి మిషన్ నెత్తినా అతికించాను: "డబ్బా వస్తే యెస్ నొక్కండి."

మా బావమరిది కోదాడలో డిగ్రీ ముగించి, కొంతకాలం హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం దొరికేదాకా నాకు తోడుంటానని వచ్చాడు. నెమ్మదైన మనిషి, మాట తక్కువ. అతని పేరు మీద విదేశం నుంచి పోస్టులో, కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేర్ సీడీలు వచ్చేవి. సీడీలూ ఉచితమే, పోస్టు ఖర్చు కూడా పంపేవాళ్ళదే. అందరూ వాడే ఆ పెద్ద కంపెనీ సరుకు కాదట, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసిందట, దాని లోపల ఏముందో ఎవరైనా విప్పి చదువుకోవచ్చట. నాకు ఆ మాటలు వినగానే అనుమానం పుట్టింది. ఊరూ పేరూ లేనివాడు స్టాంపులంటించి మరీ ఊరికే పంపుతున్నాడంటే వెనక ఏదో మతలబు ఉండకుండా ఉంటుందా? పైగా ఎవరైనా విప్పగలిగిన దాన్ని ఎవరైనా పాడుచేయగలరు కదా అన్నాను. 

అయినా బావమరిది నా మాట కాదని రెండు మిషన్లలో అది ఎక్కించాడు. దానికొక ఏర్పాటు చేశాడు, కస్టమరు కుర్చీలోంచి లేచి బయటికి రాగానే అతను కొట్టిందంతా తుడిచిపెట్టుకుపోయేది, తర్వాతివాడికి మిషన్ కొత్తదానిలా ఉండేది. ఇక చూడండి నా తంటాలు. నిన్న రాసిపెట్టుకున్న దరఖాస్తు ఏదని ఒకరు, నా పేరు దానంతటదే వచ్చేది ఇప్పుడెందుకు రాదని ఒకరు, మంచి మిషన్లు ఖాళీ లేవా అని అందరూ. రెండు వారాలు ఓపికపట్టి, పాత సరుకే మళ్ళీ ఎక్కించమని గట్టిగా చెప్పాను. ఎక్కించాడు. ఒక్కసారి మాత్రం, ఒక రైతు తన మోటారు కాలిపోయిందని తమ్ముడికి మెయిల్ రాసుకుంటుంటే పక్కనే మోటార్ల ప్రకటన రావడం చూసి నన్ను పిలిచి, "ఈయన ఉత్తరం ఎవరో చదువుతున్నారు బావా, మీరు అనుమానించాల్సింది దీన్ని" అన్నాడు. మెయిల్ ఇచ్చే అంత పెద్ద కంపెనీకి మన మోటారు సంగతెందుకని నేను కొట్టిపారేశాను. పోస్టుకార్డు పోస్టుమాను చదవడా అని ఎదురు అడిగాను కూడా.

ఇంజనీరింగ్ సీట్లకు కౌన్సెలింగ్ కంప్యూటర్లలోకి వచ్చిన కొత్తలో అసలు కథ జరిగింది. మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న, పెద్దవూరలో జీవాలు మేపుకునే మనిషి. గొర్రెల వెంట నడిచి నడిచి మోకాళ్ళు అరిగిపోయినవాడు. అతని కూతురికి మంచి ర్యాంకు వచ్చింది. సర్కారు కాలేజీలో సీటు ఖాయమని లెక్చరర్లంతా అన్నారు, ప్రైవేటు కాలేజీలో చదివించే స్తోమత అన్నకు లేదు, అందుకని ఆ ఒక్క సీటు మీదే ఇల్లంతా ఆశ పెట్టుకుంది. తండ్రీకూతుళ్ళు పొద్దున్నే బస్సెక్కి నా సెంటర్‌కు వచ్చారు. మూడో నంబరు మిషన్ మీద ఆ పిల్లను కూర్చోబెట్టి, హాల్ టికెట్ నంబరూ పాస్‌వర్డూ కొట్టించి, సర్కారు కాలేజీల పేర్లు వరుసగా నేనే చదువుతూ పెట్టించాను. మధ్యలో డబ్బా వచ్చింది. పిల్ల ఆగి నా వైపు చూసింది. యెస్ కొట్టమన్నాను. అన్న తలగుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ మా పిల్ల సదువు నీ చేతులవెట్టిన తమ్మీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

పది రోజులకు సీటు వచ్చింది. ఎక్కడో పక్క జిల్లాలో కొత్తగా పెట్టిన, మేమెవరం పేరు కూడా వినని ప్రైవేటు కాలేజీలో. హెల్ప్‌లైన్ సెంటర్‌కు పరుగెత్తితే, ఆప్షన్లు పెట్టిన మర్నాడు మధ్యాహ్నం వాటిని ఎవరో మార్చారని చూపించారు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల పెద్దవూరలో ఉంది, అక్కడ అప్పటికి ఇంటర్నెట్ అన్నదే లేదు. రెండో విడతకు వెళ్తే మేం కోరిన సీటు మిగల్లేదు. ఆ పిల్ల ఏడవలేదు, ఏడిస్తే బాగుండేదనిపించింది. ఆ కాలేజీకి పోనంది, మిర్యాలగూడలో డిగ్రీలో చేరింది.

నా బుర్ర ఎటు తిరుగుతుందో మీరు ఊహించే ఉంటారు. ఆప్షన్లు మారిన ఆ మధ్యాహ్నం, నేను భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ షాపులో ఉన్నది బావమరిది. కంప్యూటరు లోపలి కిటుకులన్నీ తెలిసినవాడు అతనే. ప్రైవేటు కాలేజీలకు పిల్లల్ని పట్టిచ్చే పీఆర్వోలు ఆ నెలంతా నా సెంటర్లోనే కాపురముండేవారు, వాళ్ళకు మర్యాదగా బదులు చెప్పేదీ అతనే. ఊరికే వచ్చే సీడీలు, తెలియని దేశాలవాళ్ళతో ఉత్తరాలు, అన్నీ ఒక్కసారిగా కలిసిపోయాయి. అన్న ముందరే, మా ఆవిడ ముందరే అడిగేశాను, ఎంతకు అమ్ముకున్నావని.  "మూడో మిషన్ ఒకసారి తెరిచి చూడండి బావా" అని మాత్రం అన్నాడు. దొంగే దారి చూపిస్తున్నాడనుకుని నేను చూడలేదు. ఆ సాయంత్రమే కోదాడ బస్సెక్కాడు. మా ఆవిడ నెల రోజులు నాకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

మరుసటి ఏడు కౌన్సెలింగ్ మొదలైన రోజున, ఇంకెవరి పిల్లకో ఆప్షన్లు పెట్టడానికి మూడో నంబరు మిషన్ ముందు నేనే కూర్చున్నాను. హాల్ టికెట్ నంబరులో మొదటి అంకె కొట్టానో లేదో, కిందికి ఒక జాబితా జారింది. నిరుడు ఆ కుర్చీలో కూర్చున్న పిల్లలందరి నంబర్లూ అందులో ఉన్నాయి. మా అన్న కూతురిది పైనుంచి నాలుగోది. దాని మీద నొక్కితే పాస్‌వర్డు గడిలో చుక్కలు వాటంతటవే పడ్డాయి. అంటే ఆనాడు ఆ కుర్చీలో తర్వాత కూర్చున్న ఏ పీఆర్వో అయినా, ఏ కిటుకూ తెలియకుండానే, నొక్కితే చాలు.  తల ఎత్తితే మిషన్ నెత్తిన నా దస్తూరీ నన్నే చూస్తోంది. బావమరిది పెట్టిన ఏర్పాటు ఉండి ఉంటే ఆ పిల్ల లేచిన నిమిషంలోనే అంతా తుడిచిపెట్టుకుపోయేది, దాన్ని తీయించింది నేను.

కోదాడ వెళ్ళి బావమరిదిని క్షమించమన్నాను. మంచినీళ్ళిచ్చి, మిషన్లెలా పనిచేస్తున్నాయని అడిగి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. కానీ నిజం చెప్పాలి, పెద్దవూరకు మాత్రం వెళ్ళలేదు. అన్న దృష్టిలో దొంగ ఇంకా నా బావమరిదే. ఇవాళ చెబుదాం, రేపు చెబుదామని రోజులు నెట్టాను. పెళ్ళిళ్ళలో బావమరిది వస్తే అన్న లేచి ఇంకో వరుసలోకి పోయి కూర్చునేవాడు, నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. మనిషి ఎంత పిరికివాడో నాకు ఆ పెళ్ళిళ్ళలోనే తెలిసింది.

రెండు వేల పద్నాలుగుకల్లా ఫోన్లలోనే అన్నీ రావడంతో సెంటర్ మూసేసి, మిర్యాలగూడలో మా చెల్లెలి ఇంటికి దగ్గరగా ఇల్లు కిరాయికి తీసుకున్నాం. అక్కడి బ్యాంకులో అన్న కూతురు క్లర్కుగా చేరిందని విని, ఖాతా ఆన్‌లైన్లో చూసుకునే ఏర్పాటు చేయించుకోవడానికి వెళ్ళాను. కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టింది. నేను అలవాటు కొద్దీ, ఏదో ఒకటి నువ్వే పెట్టమ్మా, నా పేరూ ఒకటి రెండు మూడూ కొట్టు అన్నాను. "వద్దు సిన్నాయనా, నువ్వే కొట్టు, నేను సూడ" అని, వెనక్కి తిరిగి గోడవైపు చూస్తూ నిలబడింది. కౌంటరు దగ్గర జనం విసుక్కుంటున్నారు, నేనేమో అక్షరాలు వెతుక్కుంటున్నాను, ఆ పిల్ల కదల్లేదు. పదమూడేళ్ళు నా షాపులో ఎంతమంది కూర్చున్నారో, వాళ్ళలో ఒక్కరి కోసమైనా నేను అలా ముఖం తిప్పుకోలేదు.

ఆ వీపుకే చెప్పాను. అమ్మా, ఆనాడు మీ చిన్నమ్మ తమ్ముడు ఏ తప్పూ చేయలేదు, డబ్బా వస్తే యెస్ నొక్కమన్నది నేనే అన్నాను. తిరగకుండానే జవాబిచ్చింది.

"నాకెరికే సిన్నాయనా. డిగ్రీల కంప్యూటర్ సదివినప్పుడే సమజైంది. బాపుకు నువ్వే చెప్తవని సూస్తున్న. నేను చెప్తే నీ పరువు పోతది."

నాలుగేళ్ళు ఆ పిల్ల నా పరువు కాపాడింది, నేను ఆమె సీటు కాపాడలేకపోయాను. బ్యాంకు నుంచి ఇంటికి పోలేదు, నేరుగా పెద్దవూర బస్సెక్కాను. దొడ్డి దగ్గర అన్న ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతున్నాడు. అంతా చెప్పాను. పాలు అయిపోయాక సీసా పక్కన పెట్టి, "గింత కాలం ఒక మంచోన్ని దొంగను చేసినమారా" అన్నాడు. నన్ను తిట్టలేదు, చేసినమా అని తనను కూడా కలుపుకున్నాడు. నా ఫోను తీసుకుని అప్పటికప్పుడే కోదాడకు, బావమరిదికి కలిపించుకున్నాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు, నాకు అక్కడ నిలబడే ముఖం లేక అవతలికి నడిచాను.

ఇప్పుడూ నాకు అనుమానాలు తక్కువేమీ కావు, ఇంకా పెరిగాయి. ఫోను వింటోందంటారు, చూస్తోందంటారు, మనం అడగకముందే మనకేం కావాలో చూపిస్తోంది, నమ్మక తప్పడం లేదు. కానీ ఆ రోజుల్లో అనుమానానికి ఒక మనిషుండేవాడు, ఆ మనిషికి ఒక ఊరుండేది, తప్పు నాదని తెలిసిన రోజున బస్సెక్కి పోతే ఆ ఇంట్లో మంచినీళ్ళు ఇచ్చేవారు. ఇవాళ నన్ను చూస్తున్నవాడు ఎవడో, నా పొరపాటుకు ఏ పిల్ల నష్టపోతోందో, ఎవరింటికి పోయి తల వంచుకోవాలో నాకు తెలియదు. చెప్పుకోవడానికి పెద్దవూర లాంటి ఊరు ఒక్కటీ లేదు.