నేత్రావతి కుట్టిన తెల్లకోటు

బెంగళూరు పక్కన మా వర్తూరులో నేత్రావతి చేత జాకెట్టు కుట్టించుకోని ఆడది లేదు. కొలతలు తీసుకుంటుంది గానీ ఎక్కడా రాసుకోదు. టేపు ఒక్కసారి భుజాల మీదుగా, నడుము చుట్టూ తిప్పితే చాలు, ఆ మనిషి ఆమె చేతులకు గుర్తుండిపోతుంది. నేను ఒళ్ళు చేసినప్పుడల్లా అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. మొహమాటం లేకుండా మొహం మీదే చెప్పేది కూడా. అంత చెయ్యి తిరిగిన మనిషి ఒకే ఒక్క బట్ట చెడగొట్టింది. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆమె కడుపుమంట గురించి చెప్పాలి.

ఆ మంట పేరు శైలజ. నేత్రావతికి పెద్ద తోడికోడలు. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు శైలజ మొగుడికి రోడ్డు వైపు ముక్క వచ్చింది, నేత్రావతి మొగుడు రామాంజికి చెరువు వైపు ముక్క వచ్చింది. రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లు లేచాయి. చెరువు వైపు ఏమీ కట్టకూడదని సర్కారు వాళ్ళు బోర్డు పాతిపోయారు. ఇప్పుడు అన్న అమ్ముకున్న పొలంలో లేచిన అపార్ట్‌మెంట్లోనే రామాంజి కరెంటు పని చేస్తాడు. రోజూ అతనికి క్యారియరు కట్టేటప్పుడు నేత్రావతికి ఎలా ఉండేదో ఎవరైనా ఊహించుకోవచ్చు.

ఒక్క కూతురి విషయంలోనే ఆమెది పైచేయి. ఆశా, శైలజ కొడుకు హేమంత్‌కుమారూ ఒకే ఈడు పిల్లలు. ఇద్దరూ నీట్ రాశారు. ఆశకు కర్ణాటకలోనే, ఉత్తరాన ఉన్న యాదగిరిలో సర్కారు మెడికల్ సీటొచ్చింది. హేమంత్ మార్కులకు ఇక్కడ ఏ సీటూ రాలేదు. నేత్రావతి వీధంతా చక్కెర పంచింది. ఆ వారం ఆమె నడిచిన తీరు చూడాలి!

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. హేమంత్ డాక్టరు చదువుకు జార్జియా పోతున్నాడని తెలిసింది. ఇక వీధి వీధంతా అదే మాట. విమానం ఎప్పుడంట, అక్కడ మంచు పడుతుందంట, అన్నం దొరుకుతుందా అని. ఆశ సీటు సంగతి అడిగే నాథుడే లేడు. నేను జాకెట్టు కోసం వెళ్ళేసరికి దుకాణంలో తల్లీకూతుళ్ళు గొడవ పడుతున్నారు.

"యాదగిరికి పంపేది లే. నువ్వూ జార్జియాకే పో. ఇల్లు కుదవ పెడతాం."

"అమ్మా, ఆడ చదివొచ్చినా ఈడ మళ్ళా పరీక్ష రాయాల. నాకు ఈడే సీటొచ్చిండాది కదా. సోమవారం లోపల ఒప్పుకోకపోతే అదీ పోతాది."

"పోనీ! వానికి ఏరోప్లేను, నీకు రైలా? మార్కులు నీవి, మేళతాళాలు వాళ్ళకా?"

"వచ్చిన సీటు వదులుకుంటారా ఎవరైనా?" అన్నాను నేను.

"నువ్వు సుమ్నే ఉండక్కా," అని నా నోరు మూయించింది.

సరిగ్గా అప్పుడే శైలజ తెల్లగుడ్డ పట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. "నేత్రా, మావానికి డాక్టరు కోటు కుట్టీయి. ఆదివారం సత్యనారాయణ పూజ పెట్టుకున్నాం. అందరి ముందరా తొడిగిస్తాం. నీ చేత్తో కుడితే మంచి జరుగుతాది."

కాదనడానికి లేదు. నేత్రావతి టేపు తీసింది. హేమంత్ ఆరడుగుల మనిషి, ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. కొలతలు అయ్యాయి. వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు ఆమె గుడ్డ పరిచి కత్తెర పట్టేవేళకు దుకాణం ఎదురుగా కరెంటు స్తంభానికి ఫ్లెక్సు కడుతున్నారు. 'డాక్టర్ హేమంత్‌కుమార్' అట! ఇంకా విమానమే ఎక్కలేదు. మెడలో స్టెతస్కోపు కూడా వేశారు ఫోటోలో. నేత్రావతి దాన్ని చూస్తూనే కత్తిరించింది, దాన్ని చూస్తూనే కుట్టింది.

ఆదివారం పూజ అయ్యాక శైలజ కొడుక్కి కోటు తొడగబోయింది. భుజాలు ఎక్కలేదు. లాగి ఎక్కిస్తే చేతులు మోచేతికి కాస్త కిందనే ఆగిపోయాయి. గుండీలు చూస్తే ఆడవాళ్ళ వైపున ఉన్నాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

నేను నేత్రావతి మొహం చూశాను. ఆమెకూ ఆ క్షణం దాకా తెలియదు. అది నటన కాదు, ఒట్టేసి చెబుతాను.

శైలజ కోటు విప్పించింది. అటుగా ప్రసాదం పంచుతున్న ఆశను ఆపి, వీపుకి ఆనించి చూసింది. భుజాలు భుజాలకు, చేతులు మణికట్టుకు, అతికినట్టు సరిపోయాయి. అంతే, శైలజ భగ్గుమంది.

"కోటు కూడా నీ కూతురికే కుట్టుకుంటివా! అంతా నీ కూతురికేనా? చిన్నప్పట్నుంచీ చూస్తాండా, ఏ పరీక్ష రాసినా ఆశ, ఏ ప్రైజయినా ఆశ. నువ్వు చక్కెర పంచిన దినం నాకు ముద్ద దిగలే. ఈడ సీటొచ్చింటే కన్నకొడుకును అంత దూరం పంపేదానికి నాకేమన్నా పిచ్చా? ఆ ఫ్లెక్సు ఎందుకు కట్టించినా అనుకున్నావ్? వాని మార్కులు ఎవురూ అడక్కుండా!"

హేమంత్ తల దించుకున్నాడు. నేత్రావతి ఏడుస్తుందని, క్షమాపణ అడుగుతుందని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం కోటు మడత పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనకే వెళ్ళి చూద్దును కదా, మొహం వెలిగిపోతోంది. కూతురికి సీటొచ్చిన రోజు కూడా అంత వెలుగు లేదు.

"వింటివా అక్కా? శైలజక్క నన్ను జూసి కుళ్ళుకుంటాదంట! నన్ను జూసి!" అని నా చెయ్యి గిల్లింది. ఇంటి గడప ఎక్కకముందే, "ఆశా, ఆ సీటు ఒప్పుకో. ఇప్పుడే," అంది.

"రేపటిదాకా టైముండాది కదమ్మా."

"రేపు లేదు, ఎల్లుండి లేదు. ఫోను తీ."

ఆమెకు చదువు విలువ తెలిసొచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధమవుతుంది. హేమంత్‌కి మాత్రం మరో కోటు కుట్టి పంపింది, ఈసారి వాడి కొలతలకే. కూలి తీసుకోలేదు.

హేమంత్ విమానమెక్కిన కొన్నాళ్ళకు ఆశ ప్రయాణం వచ్చింది. స్టేషనుకు ఆటో చెరువు సందులోంచి పోతే దగ్గర. నేత్రావతి మాత్రం శైలజ ఇంటి ముందు నుంచే పోవాలంది. అంత ఉక్కలోనూ కూతురికి ఆ తెల్లకోటు తొడిగింది.

"ఆటోలో ఎవరన్నా కోటు ఏసుకుంటారామ్మా?"

"ఈ వీధి దాటేదాకా ఉండనీ. తర్వాత విప్పేద్దువు."

వాళ్ళను సాగనంపడానికి నేనూ ఎక్కాను. శైలజ గేటు దగ్గరే ఉంది. నేత్రావతే ఆటో ఆపించింది. శైలజ దగ్గరకొచ్చి కోటు కాలరు సవరించింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"జరమొచ్చినా, మనసు బాగలేకపోయినా, ఒక రాత్రి రైలెక్కితే అమ్మ దగ్గరికొచ్చేస్తావు. అదృష్టం జేసుకున్నావే ఆశా," అంది.

నేత్రావతి ఎదురు చూసిన మాటే అది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆటో కదిలి పట్టుమని నాలుగిళ్ళు దాటలేదు.

"ఇంక విప్పేయి ఆశా," అంది.