రాహుకాలంలో సభ

మా మానవవాద బృందం సభ ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మొదలై ఆరింటికి ముగిసేది. ఆ వేళ ఎందుకో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం రాహుకాలం అదే. ఊళ్ళో జనం కొత్త చెప్పులు కూడా వేసుకోని ఆ గంటన్నరలోనే మనం కూర్చుని మాట్లాడుకుంటే మూఢనమ్మకానికి చెంపపెట్టు అవుతుందని బృందం పెట్టిన పెద్దాయన ఆలోచన. ఆయన రిటైరైన లెక్చరరు, గోదావరి జిల్లా మనిషి, మాకందరికీ మాస్టారు. గడియారం నాలుగున్నర చూపించగానే టేబుల్ మీది ఇత్తడి గంట కొట్టి, "రాహుకాలం వచ్చింది, సభ ప్రారంభిద్దాం" అనేవారు. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. మొదటి ఏడాది ఆ గంట వింటే నాకూ ఒళ్ళు పులకరించేది. పోను పోను ఒళ్ళు మండేది.

ఇది తొంభైల నాటి మాట. ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడమీద గదిలో సభ జరిగేది. నేను పోర్టులో గుమాస్తాని. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. సభకొచ్చేవాళ్ళలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి టీ సంగతి చూడమన్నారు. టీ కాయనన్నాను. అయితే అతిథుల సంగతి చూడమన్నారు.

వారం వారం ఒక అతిథి ప్రసంగం ఉండి తీరాలని మా నియమం. భీమిలి నుంచి ఒక సైన్సు మాస్టారు టార్చిలైటూ బత్తాయిపండూ తెచ్చి గ్రహణం ఎలా పడుతుందో చూపించారు. ఏడాది తిరక్కుండానే అదే టార్చీ ఇంకో బత్తాయీ పట్టుకుని మళ్ళీ వచ్చారు. ఉత్త అరచేతిలో విభూది పుట్టించి చూపించే ఆయన ఎన్నిసార్లు వచ్చారంటే, చివరికి ముందు వరసలో వాళ్ళే అది ఏ వేళ్ళ సందున ఉందో చెప్పేసేవారు. విశ్వం ఎలా పుట్టింది, ఆత్మ ఎందుకు లేదు, జాతకం ఎలా అబద్ధం, ఇవే తిరగేసి మరగేసి. వినేది పాతికమంది. అందరికీ ముందే తెలుసు, అందరూ ముందే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళని మళ్ళీ ఒప్పించడం కోసం నేను ఎండలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం కాచుకుని, ఆటోవాడితో బేరమాడి, అతిథిని వెంటబెట్టుకు రావాలి. ఇక ప్రశ్నల సమయంలో ఎవరూ ప్రశ్న అడగరు. ఎవరి ప్రసంగం వాళ్ళు మొదలుపెడతారు.

అప్పట్లో మా ఇంటికి చేపలు తెచ్చే ఆమెకి పదమూడేళ్ళ కూతురుండేది. ఆ పిల్లకి ఫిట్స్. ఒకసారి క్లాసులో పడిపోతే తోటిపిల్లలు జడుసుకున్నారు. దాంతో తల్లి బడి మాన్పించేసింది. గాలి సోకిందని ఒకడు తాయెత్తు కట్టాడు, ఇంకొకడు వేపమండలతో బాదాడు. తల్లేమో తెల్లారకముందే హార్బర్‌లో వేలంపాటకి వెళ్ళాలి. పిల్ల వీధిలోనో నీళ్ళ దగ్గరో పడిపోతుందన్న భయంతో ఇంట్లో ఉంచి, బయట గొళ్ళెం పెట్టి వెళ్ళేది. ఆ గొళ్ళెం సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. లోపల కిరసనాయిలు పొయ్యి ఉంది. మూర్ఛ వచ్చి దాని మీద పడితే తలుపు తీసే నాథుడు లేడు.

ఆసుపత్రికి వెళ్దాం రమ్మని ఎన్నిసార్లు పోరానో. "గాలికి మందేటమ్మా? సూదులేసి పిల్లని సంపేత్తారు" అని చేప కోస్తూనే కొట్టిపారేసేది. ఒకరోజు మాత్రం కాస్త మెత్తబడింది. "నలుగుర్లో కూసోబెట్టి, పెద్ద డాకటేరుబాబు నోటంట సెప్పించమ్మా. అప్పుడు ఇంటాను" అంది.

చెప్పించడమే కదా నా పని! వెతికి వెతికి ఒక నరాల డాక్టర్ని పట్టుకున్నాను. మంచి మనిషి. ఫిట్స్ గురించి అందరికీ అర్థమయ్యేలా చెబుతాననీ, రోగులెవరైనా వస్తే సభయ్యాక ఊరికే చూస్తాననీ అన్నారు. "ఆరు తర్వాత పెట్టుకోండి, నాకూ తీరిగ్గా ఉంటుంది" అని కూడా అన్నారు.

చేపలామెకి చెప్పడానికి పరిగెత్తుకెళ్ళాను. ఆమె ముందుగా అడిగింది వేళ గురించే.

"నాలుగున్నరకా? రోగంతో ఉన్న పిల్లని రాహుకాలంలో గడప దాటిత్తానేటమ్మా? ఆరు దాటినాక పెట్టమను, పరిగెట్టుకొచ్చేత్తాను."

డాక్టరుకీ ఆరే కావాలి, రోగికీ ఆరే కావాలి. మాస్టారికి విషయమంతా చెప్పి, ఈ ఒక్కసారికి సభ ఆరింటికి జరుపుదామన్నాను.

"ఏవమ్మా, ఇవాళ ఒకావిడ కోసం రాహుకాలం దాటిస్తే, రేపింకొకాయన వర్జ్యం అంటాడు. అప్పుడు మనకీ పురోహితుడికీ తేడా ఏవుంది?"

"ఆ పిల్లకి మందు అందించడంలో ఉందండీ తేడా."

"సిద్ధాంతం సిద్ధాంతవేనమ్మా" అని సంగతి ఓటింగుకి పెట్టారు. మార్చాలన్నవాళ్ళు చెయ్యెత్తమంటే లేచింది నా చెయ్యొక్కటే. సభయ్యాక ఒకాయన మెట్ల మీద నన్ను ఆపి, నా మాటే సబబన్నాడు. మరి చెయ్యెందుకు ఎత్తలేదంటే, మాస్టారు చూస్తున్నారన్నాడు. దేవుడికి భయపడనివాళ్ళమని చెప్పుకునే బృందం మాది!

డాక్టరుగారు నాలుగున్నరకే వస్తానన్నారు. అయితే ఆరు తర్వాత సభ లేదు కాబట్టి ఆనందపురంలో పెళ్ళికి వస్తానని మాటిచ్చేశాననీ, ఆరుకల్లా బయల్దేరతాననీ అన్నారు. ఈ సంగతి చేపలామెకి రెండుసార్లు చెప్పాను. "సూద్దారిలెమ్మా" అంది.

ఆ ఆదివారం ఆయన ఎంత బాగా మాట్లాడారో! పడిపోయిన మనిషి చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, రోజూ మాత్ర వేసుకుంటే చాలామంది అందరిలాగే చదువుకుంటారు, పెళ్ళి చేసుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు అన్నారు. చేపలామె వినాల్సిన మాటలన్నీ పాతికమంది మగాళ్ళు తలలూపుతూ విన్నారు. నేను మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను. ప్రశ్నల సమయంలో ఒకాయన లేచి, మూర్ఛలో స్పృహ పోతుంది కాబట్టి ఆత్మ లేదని రుజువైనట్టేనా అని అడిగాడు. ఆ మాట మీద మిగిలినవాళ్ళు వాదించుకున్నారు. డాక్టరుగారు చివర్లో, "పేషెంట్లెవరైనా వచ్చారా?" అని గదంతా చూశారు. మావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు గంట కొట్టి, "రాహుకాలం ముగిసింది, సభ ముగిసింది" అన్నారు. కారు వెళ్ళిపోయిన చప్పుడు మేడమీదికి వినిపించింది.

మాస్టారూ నేనూ కిటికీలు మూస్తుండగా ఆమె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. పిల్లకి తలంటి, కనకాంబరాలు పెట్టింది. ఇద్దరూ రొప్పుతున్నారు.

"డాకటేరుబాబేడమ్మా?"

ఖాళీ కుర్చీలు చూసి తనే అర్థం చేసుకుంది. మాస్టారు నిట్టూర్చి నా వైపు తిరిగి, "చూశావా అమ్మా, మూఢనమ్మకం ఎంత పని చేసిందో" అన్నారు. ఆ క్షణంలో ఆ ఇత్తడి గంట తీసి కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "సదువు రానోలం బాబూ, రాహుకాలం ఎల్లేదాకా ఆగినాం. మరి మీకేటయింది? రాహుకాలం ఎల్లగానే మీరూ ఎలిపోతన్నారు. మాకంటే మీకే పట్టింపు ఎక్కువనాగుంది."

నేను గోడ దగ్గరికి వెళ్ళాను. రాహుకాలం చూసుకోవడానికి మేము తగిలించుకున్న పెద్ద క్యాలెండరు అక్కడుంది. మర్నాటి గడి మీద వేలు పెట్టి చదివాను.

"అక్కా, రేపు రాహుకాలం తొమ్మిదికల్లా పోతుంది. వర్జ్యం రాత్రికి గానీ లేదు. డాక్టరుగారి క్లినిక్ పదింటికి తీస్తారు. నేను సెలవు పెడతాను. వస్తావా?"

"వత్తానమ్మా."

"ఏవమ్మా! ఈ గదిలో వర్జ్యం చూడ్డవా?" అన్నారు మాస్టారు.

"రాహుకాలం చూడొచ్చు గానీ వర్జ్యం చూడకూడదాండీ?" అన్నాను. ఆయన లైటు తీసేశారు.

మర్నాడు క్లినిక్‌కి వెళ్ళాం. పిల్లకి మాత్రలు రాశారు. తల్లి తాయెత్తు విప్పలేదు, మాత్ర మానలేదు. రెండూ నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను, తాయెత్తు గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు. కొన్ని నెలలు గడిచాక ఆ ఇంటి గొళ్ళెం బయటి నుంచి పడటం మానేసింది. రెండువేల సంవత్సరం దాటి, కుర్చీలు సగానికి సగం ఖాళీ అయ్యాక కూడా మా సభ మాత్రం నాలుగున్నరకే మొదలయ్యేది. మారుద్దామని ఏటా అడిగాను, ఏటా ఓడిపోయాను.

డాక్టరుగారు వచ్చి వెళ్ళిన మరుసటి ఆదివారం అతిథిని కూడా నేనే కాంప్లెక్స్ నుంచి తీసుకొచ్చాను. విషయం మాస్టారు ముందే నిర్ణయించారు: ప్రజలు మన సభలకి ఎందుకు రావడం లేదు? అతిథి గంటసేపు కారణాలు చెప్పారు. టీవీ, బాబాలు, చదువులు, రాజకీయాలు, దేన్నీ వదల్లేదు. ప్రశ్నల సమయంలో నేను లేచి, "ఆరు తర్వాత పెడితే వస్తారండీ" అన్నాను. హాస్యమనుకుని అందరూ నవ్వారు. మాస్టారు గంట మీద చెయ్యి వేసి, గడియారం వైపు చూస్తున్నారు.