నాలుకకు తెలియని తీగ

నా చిన్నప్పుడు, మా అమ్మ జ్వరంతో పోయినప్పుడు, నాకు ఏడుపు రాలేదు. నలభైల నాటి మాట. మదనపల్లె బజారులో మాది చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి గనుక బేరమంటే నా నోరు ముందే లేచేది. ఆ రోజుల్లో అదీ లేవలేదు. పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఎవరైనా వచ్చి నన్ను పట్టుకుని ఏడిస్తే, వాళ్ల ముక్కుపుడకలో రాయి అసలుదా, గాజుదా అని చూస్తూ కూచున్నాను.

పక్కింటి అక్క ఇది కనిపెట్టింది. "కండ్లల్లో తడే లేదు సూడండమ్మా. ఎంత రాతిగుండె వీనిది! పుంగనూరత్తను రానీ, ఆమే అడుగుతాది" అని నాకు వినబడేట్టుగానే అంది.

పుంగనూరత్త అంటే మా నాన్న అక్క. అమ్మ దివసాలకు, అంటే పెద్దకర్మకు వచ్చి, నన్ను తనతో తీసుకుపోయి పెంచుతుందని ఇంట్లో అనుకుంటున్నారు. కన్నతల్లికి ఏడవని పిల్లవాణ్ణి ఎవరు తీసుకుపోతారు? నాసిరకం సరుకు ఎవరు కొంటారు? నా అంగడి బుద్ధికి అలాగే తోచింది.

దివసాల ముందురోజు, అంగడి వెనక మూటల సందులో దూరి, ఒక ఎండుమిరపకాయ తుంచి కళ్ల కింద రుద్దుకున్నాను. వీధిలో ఎవరికీ కనబడనని ధీమా. నెత్తిమీద ఒక మనిషి ఉండగలడని తట్టలేదు. పక్కనే తంతి స్తంభమెక్కి లైన్‌మన్ సాయిబు పని చేసుకుంటున్నాడు. నా కేక విని దిగివచ్చి, తన చెంబులో నీళ్లతో కళ్లు కడిగాడు.

"యాల రుద్దుకుంటివిరా?"

"ఏడుపు రాలేదు మామా. సాయంత్రం మా అత్త వస్తాది."

ఆయన నవ్వలేదు, ఓదార్చనూ లేదు. స్తంభం మీంచి కిందికి వేలాడుతున్న తీగ కొసను ముందు తన నాలుకకు, తర్వాత నా నాలుకకు తాకించాడు. తీగలో కరెంటు ఉంటే నాలుక చురుక్కుమంటుంది. తంతి పనివాళ్లకు అది మామూలు పరీక్ష.

"ఏమన్నా తెలిసెనా?"

"లేదు."

"అట్లయితే తీగ సచ్చిపోయిందా?"

"సచ్చిపోయింది" అన్నాను.

"లేదు బేటా. ఈడ బాగానే ఉండాది. దూరాన యాడనో తెగిండాది, అందుకే ఈడికి రాలేదు. పుంగనూరు దావ పట్టుకొని సూసుకుంటా పోవల్ల."

"ఈపొద్దు దొరుకుతాదా?"

"దొరికితే దొరుకుతాది, లేకుంటే రేపు పోతా. మిరపకాయ రుద్దితే తీగ అతుక్కుంటాదా?"

సైకిలుకు నిచ్చెన కట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం అత్త బస్సు దిగి వచ్చింది. నా ఎర్రటి కళ్లు చూసి, "ఎంత ఏడిసినావురా నా బంగారూ!" అని గుండెలకు హత్తుకుంది. పక్కింటి అక్క తనింటికి జారుకుంది. బేరం కుదిరిపోయింది, ఇక నేను నోరు మూసుకుంటే చాలు. ఏ దయ్యం పట్టిందో, "ఏడవలేదత్తా. మిరపకాయ రుద్దుకుంటి. ఏడుపు దూరాన యాడనో ఉండాది, ఇంకా రాలేదు" అనేశాను.

అత్త కొంగు తడిపి నా కళ్ల మీద అద్దుతూ, "వచ్చేటప్పుడు వస్తాదిలే. దివసాలు అయిపోనీ, నీ గుడ్డలు మూట కట్టుకో. పోదాం" అంది.

పెద్దయ్యాక నేనూ టెలిఫోను కేబుళ్ల పనిలోనే చేరాను. కుప్పంలో ఒక మధ్యాహ్నం గుంతలో కూచుని, తెగిన తీగ అతికించి, పాత అలవాటు కొద్దీ కొసను నాలుకకు తాకించాను. చురుక్కుమంది. ఎందుకో తెలియదు, అమ్మ పోయిన అన్నేళ్లకు, కళ్ల వెంట ధారలు కారాయి. గట్టు మీది మనిషి వంగి చూసి, "ఏమాయప్పా కండ్లకు?" అన్నాడు.

"మిరపకాయ" అన్నాను.

ఇప్పటికీ చావింట్లో పొడికళ్లతో కూచున్నవాళ్లు కనబడితే, పోయి వాళ్ల పక్కన కూచుంటాను. ఏడవమనను. వంకాయల బేరం దగ్గర కూడా గంటసేపు వాదించే నేను, అక్కడ మాత్రం ఏమీ అడగను.